టమాటా నారుకు తూర్పు గది

ఇంట్లో ఒక గది టమాటా నారుకు వదిలిపెట్టనివాళ్ళు సంసారం చేస్తున్నామని చెప్పుకోవడం దండగ!

మీరు నవ్వుతారని తెలుసు. మనది గుంటూరు, పల్నాడు, ప్రకాశం. గుప్పిట్లోంచి గింజ జారిపడితే చాలు, మర్నాటికి పలకరించే నేల. మిరప నారు పోయని ఊరుందా ఇక్కడ? చిలకలూరిపేట రోడ్డు పొడుగునా ఆకుపచ్చ షేడ్‌నెట్లు వేసి, అడిగినన్ని మొక్కలు అట్టపెట్టెలో సర్ది స్కూటర్ మీద పెట్టి పంపేవాళ్ళుండగా, నడింట్లో మంచం పక్కన నారు పోసుకోవడం దేనికని మీ అనుమానం.

ఆ అనుమానమే మనల్ని ఇంత వెనక ఉంచింది! ఎండలో, గాలిలో, మట్టిలో మొక్క మొలిస్తే అందులో మన గొప్పేముంది? అది ఎలాగూ మొలుస్తుంది. మొలవడానికి ఏమాత్రం వీల్లేని చోట, కిటికీలు బిగించి, కర్టెన్లు దించి, కరెంటు పెట్టి మొలిపించాలి. అప్పుడు కదా చదువుకున్నవాడికీ చదువుకోనివాడికీ తేడా తెలిసేది!

నరసరావుపేటలో రామకాంత్ గారు ఈ సత్యాన్ని నలుగురికంటే ముందు గ్రహించారు. ఆయన ఇన్సూరెన్స్ ఆఫీసులో అధికారి. ఇంట్లో ఉండేది ముగ్గురు: ఆయన, తల్లి వెంకాయమ్మ గారు, భార్య రాగసుధ. ఒక్కగానొక్క అమ్మాయి వైజాగ్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది.

రాగసుధ బోటనీలో ఎమ్మెస్సీ చేసింది. ఆ సంగతి పెళ్ళి శుభలేఖలో ఆమె పేరు పక్కన ఒకసారి అచ్చయింది. ఆ తర్వాత ఎక్కడా ప్రస్తావనకు రాలేదు.

అమ్మాయి హాస్టల్‌కు వెళ్ళిపోయి తూర్పు గది ఖాళీ అయినప్పుడు, అందులో ఇంటర్ పిల్లలకు బోటనీ చెప్పుకుంటానని రాగసుధ అడిగింది. రెండేళ్ళ కిందటి మాట. రామకాంత్ గారు కాదనలేదు. కాదనే మనిషి కాదు ఆయన. "చెప్పుకో సుధా, నేనొద్దన్నానా? గదేదీ?" అన్నారంతే.

నిజమే, గదేదీ? మొదటి ఏడు అందులో వ్యాయామం చేసే సైకిలు వచ్చి చేరింది. ఆయన దాన్ని తొమ్మిది రోజులు తొక్కారు. మిగతా ఏడాదంతా దాని మీద తువ్వాళ్ళు ఆరాయి. రెండో ఏడు అక్వేరియం. చేపలు ఒక్కొక్కటిగా కాలం చేశాయి గానీ, తొట్టె మాత్రం నిక్షేపంగా నిలిచింది. ఈ ఏడు రాగసుధ ముందే జాగ్రత్తపడింది. సైకిలూ తొట్టే ఎవరెవరికో అంటగట్టింది. ఏప్రిల్‌లోనే అయిదుగురు ఆడపిల్లల్ని కుదుర్చుకుంది. పక్క వీధిలో ఉండే స్తుతి, ఆ పిల్ల స్నేహితురాళ్ళు నలుగురు. జూన్ రెండో సోమవారం, సాయంత్రం నాలుగింటికి మొదటి క్లాసు. గది కడిగించి, గోడకు నల్లబల్ల ఆనించి, చాప కూడా పరిచి పెట్టింది.

అదీ ఆమె చేసిన పొరపాటు. శుభ్రంగా ఉన్న గదిని చూస్తే మగవాడి బుర్రలో ఏదో ఒకటి మొలుస్తుంది.

మే మొదటి ఆదివారం భోజనమయ్యాక రామకాంత్ గారు ఫోన్‌లో ఒక వీడియో చూశారు. ఉన్ని టోపీ పెట్టుకున్న ఒక తెల్లాయన, కిటికీ అవతల మోకాలి లోతు మంచు కనిపిస్తుండగా, ఇంట్లో టమాటా విత్తనాలు నాటుతున్నాడు. 'మీ ప్రాంతంలో చివరి మంచు పడే తేదీ తెలుసుకోండి. దానికి ఎనిమిది వారాల ముందు ఇంట్లో నారు పోయండి' అన్నాడాయన. రామకాంత్ గారు డైరీ తీసి రాసుకున్నారు. తేదీ ఒక్కటే తక్కువైంది. షేడ్‌నెట్ నర్సరీ నడిపే సిలార్‌కు ఫోన్ చేశారు. స్పీకర్ పెట్టారు, ఇంటిల్లిపాదీ విని తరించాలని.

"సిలార్, మన ఏరియాలో చివరి మంచు ఎప్పుడు పడుద్దయ్యా?"

"ఏ మంచు సార్?"

"గడ్డకట్టి, తెల్లగా పడేది."

"మన కాడా? మొన్న వినుకొండ దగ్గర వడగళ్ళు పడ్డాయంట సార్. అయ్యేనా?"

"కాదయ్యా! మొక్కల్ని చంపేసే మంచు!"

"మన కాడ చంపేది ఎండే సార్. మంచుకి అంత తీరిక యాడిది?"

రామకాంత్ గారు ఫోన్ పెట్టేసి, "చదువు లేకపోతే ఇంతే" అని నిట్టూర్చారు. తేదీ దొరకలేదు కాబట్టి ఆ రోజే మంచి రోజనుకున్నారు. వారం తిరక్కముందే తూర్పు గదిలోకి ఇనుప స్టాండు, గుంటలున్న ప్లాస్టిక్ ట్రేలు రెండు, కొబ్బరి పొట్టు సంచీ, ఎండకు బదులు వెలిగే ఊదారంగు లైట్లు వచ్చాయి. నూటతొంభయ్యారు గుంటల్లో నూటతొంభయ్యారు గింజలు పడ్డాయి. చాప చుట్టి గోడకు నిలబెట్టారు. నల్లబల్ల స్టాండు వెనక్కి పోయింది.

"క్లాసులు జూన్‌లో కదా? అప్పటికి తీసేస్తాలే" అన్నారాయన.

ఇక నారు వల్ల ఆ ఇంటికి కలిగిన మేళ్ళు వినండి.

మొదటి మేలు పెద్దవాళ్ళ ఆరోగ్యం. గింజ మొలవాలంటే కింద వెచ్చగా ఉండాలని వీడియోలో చెప్పాడు. బయట నలభై మూడు డిగ్రీలు. అయినా శాస్త్రం శాస్త్రమే కదా!

"ఒరేయ్ రామూ, నా మోకాళ్ళ కింద పెట్టుకునే కరెంటు మెత్త ఏదిరా?" అన్నారు వెంకాయమ్మ గారు.

"విత్తనాల కింద ఉందమ్మా. వాటికి వేడి కావాలి."

"మే నెల్లో చలేసిందంట్రా వాటికి? డాబా మీద పడేస్తే లోపలి పప్పుతో సహా ఉడికిపోతయ్యి గదరా!"

ఆ రోజు నుంచి ఆవిడ మోకాళ్ళ నొప్పులు మరిచిపోయి, కొడుకుని తిట్టడంలో పడ్డారు. మందు లేకుండా నొప్పి మరిపించడం చిన్న విషయమా?

రెండోది, వీధిలో పేరు. పొద్దున్నే అయిదింటికి వెలిగిన ఊదా లైట్లు పదహారు గంటలు వెలుగుతూనే ఉండేవి. కర్టెన్ సందుల్లోంచి ఆ వెలుగు వీధి మీద పడేది. పాలు పోసే దానయ్య రెండు రోజులు ఓపిక పట్టి, మూడో రోజు రాగసుధను చాటుగా అడిగాడు: "బ్యూటీ పార్లర్ ఏమైనా పెడతన్నారా అమ్మా? మా కోడలు అడగమంది."

మూడోది, మూగజీవాల మీద దయ. మే నెలంటే కరెంటు కోతలు. ఇంట్లో ఇన్వర్టర్ ఒక్కటే. దాని తీగను రామకాంత్ గారు తూర్పు గదికి మళ్ళించారు. వంటింట్లో ఫ్యాను ఆగిపోయి, చెమట కళ్ళల్లో పడి పెనం మీద అట్టు కూడా మసకగా కనిపిస్తుంటే రాగసుధ ఒక మాట అంది. "అరగంట ఇటు ఇవ్వండి, వంటయ్యే వరకూ."

"మొక్కలకి నోరు లేదు సుధా. నీకుంది కదా" అన్నారాయన, ఎంతో ఆర్ద్రంగా.

అంతేకాదు, ఎండుమిరపకాయల తిరగమోత ఘాటు మొలకలకు పడదని కూడా ఎక్కడో చదివారు. గుంటూరు సీమలో మూడు వారాల పాటు మిరపకాయ చిటపటలాడని ఇల్లు అదొక్కటే అయి ఉంటుంది. చప్పిడి పప్పు కలుపుకుంటూ వెంకాయమ్మ గారు, "ఎవరికిరా జ్వరం?" అని పూటపూటా అడిగేవారు.

అన్నింటికంటే పెద్ద మేలు దాంపత్యానిది. మొలకలు వచ్చాయి. వెలుగు చాలక సన్నగా, పొడుగ్గా సాగాయి. కాండం గట్టిపడాలంటే రోజుకు రెండుసార్లు అరచేత్తో మెల్లగా నిమరాలని వీడియో ఆయన చెప్పాడు. రామకాంత్ గారు ఆఫీసు నుంచి వస్తూనే కాళ్ళు కడుక్కుని ఆ గదిలోకి వెళ్ళేవారు. ఒక్కో వరసా నిమురుతూ, "దాహంగా ఉందా? అలిసిపోయావా? ఇవాళ కొంచెం వాడినట్టున్నావే" అని పలకరించేవారు. గుమ్మంలో కాఫీ గ్లాసుతో నిలబడి రాగసుధ ఆ గొంతు వినేది. పెళ్ళయి ఇరవై రెండేళ్ళయినా, తన భర్త గొంతులో అంత మార్దవం ఉందని ఆమెకు అప్పుడే తెలిసింది. ఈ జ్ఞానం ఆమెకు ఇంకెలా కలిగేది, చెప్పండి?

ఒక రోజు ఆమె కూడా కాస్త వాడినట్టే ఉంది. ఆయన కాఫీ తీసుకుని, "పంచదార తక్కువైంది" అన్నారు.

ఇంటి పనికి వచ్చే రెబ్కా, పెళ్ళికి ముందు పదేళ్ళు వినుకొండ దగ్గర మిరప నారుమళ్ళలో పనిచేసిన మనిషి. ఆ గది తుడిచేటప్పుడు ఏమీ మాట్లాడేది కాదు. కానీ ఒక రోజు ట్రే మూల మొక్కలు నాలుగు, మొదళ్ళు నల్లబడి పక్కకు వాలి ఉండటం చూసి చీపురు ఆపింది.

"సార్‌గారూ, నీళ్ళెక్కువైనయ్యండి. కిటికీ తీసి గాలాడనీండి. నారుకి ఎండ తగలకపోతే కాళ్ళు నిలబడవండి."

"రెబ్కా, ఇది నారుమడి కాదు. ఇండోర్ సిస్టమ్."

"ఏదైతే ఏముందండి, మొక్కకి ఆ సంగతి తెలవదుగా."

రాగసుధ వంగి, వాలిన మొక్కనొకదాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూసింది. "రెబ్కా చెప్పింది నిజమండీ. ఇది నారుకుళ్ళు. శిలీంధ్రం వల్ల వస్తుంది. తడి తగ్గించకపోతే పక్క వరసకి పాకుతుంది."

"నువ్వు ప్రతిదానికీ నెగటివ్‌గానే మాట్లాడతావు సుధా" అన్నారు రామకాంత్ గారు. మొక్కలు నొచ్చుకుంటాయేమోనని గొంతు తగ్గించి మరీ అన్నారు.

మర్నాటికి ఇరవై పోయాయి. మూడో రోజుకు యాభై. నాలుగో రోజుకు సగానికి పైగా నేలకొరిగాయి. ఆయనకు ఆ పూట అన్నం సహించలేదు. ఆఫీసుకు సెలవు పెట్టి, చచ్చిన మొక్కల్ని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకుని చిలకలూరిపేట రోడ్డుకు వెళ్ళారు. మధ్యాహ్నానికి వెలిగిపోతున్న మొహంతో తిరిగొచ్చారు.

"నారుకుళ్ళట సుధా! శిలీంధ్రమట! తడి తగ్గించి, గాలి తగలనివ్వాలట! డబ్బా మూత తీయగానే చెప్పేశాడు సిలార్. ఏం నాలెడ్జ్! ఇలాంటివి మనకి ఎవరు చెబుతారు?"

"ఎవరూ చెప్పరండీ" అంది రాగసుధ.

పెరట్లో గిన్నెలు తోముతున్న రెబ్కాకు నవ్వాపుకోబోయి పొలమారింది.

ఇందులో తప్పు పట్టడానికేముంది? నిజమనేది ఇంట్లో పుడితే దానికి విలువుండదు. అది నాలుగు మైళ్ళ అవతల పుట్టి, స్కూటరెక్కి, హెల్మెట్ పెట్టుకుని రావాలి. అప్పుడు కుర్చీ వేసి కూర్చోబెడతాం.

కిటికీ తెరుచుకుంది. మిగిలిన తొంభై రెండు మొక్కలు తేరుకున్నాయి. జూన్ వచ్చింది. గది ఖాళీ అవుతుందని రాగసుధ నల్లబల్ల మీద దుమ్ము దులిపింది. కానీ వీడియో రెండో భాగం అప్పటికింకా ఎవరూ చూడలేదు! ఇంట్లో పెరిగిన మొక్కను ఒక్కసారిగా బయటకు పంపకూడదట. మొదటి రోజు ఒక గంట, రెండో రోజు రెండు గంటలు, ఇలా మెల్లమెల్లగా లోకానికి అలవాటు చెయ్యాలట. అత్తవారింటికి పంపేటప్పుడు ఆడపిల్లలకు కూడా ఎవరూ పెట్టని పద్ధతి!

రామకాంత్ గారు టైమ్‌టేబుల్ వేసి ఫ్రిజ్ మీద అంటించారు. పగలు ఆయన ఆఫీసులో ఉంటారు కాబట్టి, ట్రేలు మేడ మీదికి ఎక్కించడం, గడియారం చూసి దించడం రాగసుధ, రెబ్కాల వంతు. అరికాళ్ళు అంటుకుపోయే డాబా మీద, చేతుల్లో ట్రేలతో, ఇద్దరూ ఎక్కి దిగుతుంటే వెంకాయమ్మ గారు కింద నుంచి కేకేశారు: "దిష్టి తగులుద్ది, కొంగు కప్పండే!"

టైమ్‌టేబుల్ చివరి తేదీ జూన్ ఇరవై.

"సోమవారం నుంచి క్లాసులండీ" అంది రాగసుధ.

"పదిహేను రోజులు పోస్ట్‌పోన్ చెయ్యి. పిల్లలెక్కడికి పోతారు? మొక్కలైతే చచ్చిపోతాయి."

"పిల్లలు పోతారండీ. బస్టాండు దగ్గర ట్యూషన్ వాళ్ళు రెండుసార్లు ఫోన్ చేశారట. ఈసారి కూడా లేదంటే ఇక నన్నెవరూ అడగరు."

"చూద్దాంలే."

మన ఇళ్ళల్లో 'చూద్దాంలే' అంటే ఏమిటో మీకు వేరే చెప్పాలా? చూడటం అయిపోయింది, వద్దనుకోవడమూ అయిపోయింది, నీకు చెప్పడం ఒక్కటే మిగిలిందని.

సోమవారం సాయంత్రం నాలుగింటికి స్తుతి, నలుగురు స్నేహితురాళ్ళు గుమ్మం బయట చెప్పులు విప్పారు. తూర్పు గదిలోకి తొంగిచూసి అక్కడే ఆగిపోయారు. అయిదు మొహాలూ ఊదారంగులోకి మారాయి.

"ఇక్కడేనా మేడమ్?"

"ఇక్కడే. రండి."

చాప పరవడానికి చోటు లేదు. నల్లబల్ల కనిపించడం లేదు. పిల్లలు భుజాలు ఒరుసుకుంటూ స్టాండు చుట్టూ నిలబడ్డారు. రాగసుధ ఒక నిమిషం ట్రేల వైపు చూసింది. మొదటి అధ్యాయంతో మొదలుపెడదామని నెల రోజులుగా రాసిపెట్టుకున్న నోట్సు చేతిలో ఉంది. దాన్ని మడిచి కిటికీలో పెట్టింది. ట్రేలోంచి ఒక మొక్కను మొదలంటా పట్టుకుని లాగింది.

"ఏమిటిది?"

"టమాటా మేడమ్."

"ద్విదళబీజమా, ఏకదళబీజమా?"

"ద్విదళబీజం."

"బ్లేడ్లు ఉన్నాయా?"

"ప్రాక్టికల్ బాక్సులో ఉన్నాయి మేడమ్!"

తను చదువుకున్న రోజుల నాటి మైక్రోస్కోపును రాగసుధ బీరువాలోంచి తెచ్చి, స్టాండు కింది అరలో పెట్టింది. కాండం అడ్డుకోత ఎలా తీయాలో చూపించింది. బంగాళాదుంప ముక్కను నిలువునా చీల్చి, మధ్యలో కాండాన్ని ఇరికించి, తడి బ్లేడుతో ఒక్క లాగుడు. నీళ్ళల్లో వదిలి, ఎర్రరంగు చుక్క వేసి, గాజుపలక మీదికి ఎత్తాలి. చూడ్డానికి తేలికే. ప్రాక్టికల్స్ చేసినవాళ్ళకు తెలుసు, మొదటి కోత ఎవరికీ కుదరదు.

"ఇది కోతా, కూరకి తరిగిన ముక్కా? ఉల్లిపొర లాగా రావాలి. ఇంకో మొక్క తీసుకో."

"మేడమ్, ఒక పక్క మందంగా వచ్చింది."

"చెయ్యి ఊగింది. పారెయ్. ఇంకోటి."

"మేడమ్, ఇది పర్లేదా?"

"పర్లేదు అనేది ఎగ్జామినర్ దగ్గర నడవదు. ఇంకోటి."

ఆమె ఎవరినీ కసరలేదు. తొందరపడలేదు. ఒక్కో పిల్ల పదీ పదిహేనూ పాడుచేస్తే గానీ ఒక పల్చటి ముక్క రాలేదు. అయిదున్నరకు మొదటి ట్రే ఖాళీ అయింది. దాన్ని తీసి బయట పెట్టి, తేలికైన స్టాండును కాస్త పక్కకు జరిపితే చాప సగం పరవడానికి చోటు దొరికింది. ఆరుంబావుకు రెండో ట్రేలో పదిహేడు మొక్కలే మిగిలాయి. స్టాండును గోడ వారకు నెట్టేస్తే చాప పూర్తిగా పరుచుకుంది. పిల్లలు కూర్చున్నారు.

రామకాంత్ గారు కాళ్ళు కడుక్కుని, నిమరడానికి అరచేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చారు.

"సుధా! ఏంటిది?"

"అడ్డుకోతండీ."

"నా మొక్కలు!"

స్తుతి మైక్రోస్కోపు దగ్గర్నుంచి తల ఎత్తింది. ఆ పిల్లకు అప్పుడే మొదటిసారి కుదిరింది. ఆ సంతోషంలో ఎవరి మొహం ఎలా ఉందో చూసుకోలేదు. "అంకుల్, మీరూ చూడండి! నాళాల గుంపులు ఎంత నీట్‌గా కనిపిస్తున్నాయో! మా కాలేజీలో ఇంత బాగా ఎప్పుడూ రాలేదు!"

ఆయన ఏమనుకున్నారో, వంగి కన్ను ఆనించారు. చాలాసేపు తియ్యలేదు. ఊదా వెలుగులో ఎర్రటి చుక్కలు గుండ్రంగా వరస తీరి ఉన్నాయి.

"ఇది... రోజూ నేను నిమిరేదేనా?"

"అదేనండీ. అవతలికి జరగండి, ఇంకో ఇద్దరు చూడాలి."

ఆయన జరిగారు. జరిగితే చాప అంచు. చాప మీంచి జరిగితే గుమ్మం. గుమ్మంలో నిలబడి, "మరి రేపు?" అన్నారు నీరసంగా.

"రేపు ఆకు" అంది రాగసుధ, నోట్సు చేతిలోకి తీసుకుంటూ. "ఆ లైట్లు ఆపి, ట్యూబ్‌లైట్ వెయ్యండి. పిల్లలకి బొమ్మ రంగు తేడాగా కనిపిస్తోంది."

ఇప్పుడు చెప్పండి, ఇంట్లో నారు పోయడం వరం కాదా? ఖాళీ అయిందనుకున్న రెండేళ్ళూ ఆ గది రాగసుధకు దక్కలేదు. గట్టిగా అడగలేదని కాదు. గట్టిగానే అడిగింది. చదువు లేకనా? మొక్క పేరెత్తితే ఆ ఇంట్లో ముందు అడగాల్సింది ఆమెనే. కానీ మన ఇళ్ళల్లో సైకిలుకు చోటుంటుంది, చేపకు చోటుంటుంది, ఉన్ని టోపీవాడు చెప్పిన మొక్కకు ఇన్వర్టర్‌తో సహా చోటుంటుంది. ఆడదాని చదువు దగ్గరికి వచ్చేసరికే ఇల్లు ఇరుకైపోతుంది.

అందుచేత, అమ్మలారా, గది కావాలని అడిగి నోరు నొప్పి పుట్టించుకోకండి. వాళ్ళేం పెంచుకుంటారో పెంచుకోనివ్వండి. నిమరనివ్వండి. కాఫీలో పంచదార కూడా ఒక చెంచా ఎక్కువే వెయ్యండి.

బ్లేడు మాత్రం కొత్తది వాడండి. పాతదైతే పల్చగా తెగదు.